నలభై వేలు తగ్గిందంటున్నారు, కొనేయమంటారా?

ఖమ్మం జిల్లాలోని ఓ చిన్న పట్నం నుంచి ఒకావిడ రాశారు. పదేళ్లుగా ఇంటి ముందు గదిలో కూర్చుని ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేస్తున్నారు. ప్రింటింగ్ వేరేచోట చేయిస్తారు. ఉన్న సిస్టమ్ నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, పాత 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10, వీజీఏ వైరుతో నడిచే 19 అంగుళాల మానిటర్. డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలప్పుడు పది పన్నెండు మంది ముఖాలతో ఒక్క ఫ్లెక్సీ సేవ్ కావాలంటే టీ పెట్టుకుని తాగేంత సేపు పట్టిందట. మధ్యలో సిస్టమ్ హ్యాంగ్ అయి చేసిందంతా పోయిన రోజులూ ఉన్నాయి. ఇద్దరు అభ్యర్థులు విసుగొచ్చి పక్క షాపుకి వెళ్లిపోయారు. ఇక లాభం లేదని చీటీ పాడి 80 వేలు చేతిలో పెట్టుకున్నారు.

ఇంతలో సంక్రాంతి ఆఫర్ అంటూ షోరూమ్‌లో ఓ కంపెనీ డెస్క్‌టాప్ కనబడింది. ఐ7-11700ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 11, ఏడాది వారంటీ. 1,14,990 కొట్టేసి 74,990 అని రాశారు. ఆదివారంతో ఆఖరు. ఇంటర్ చదివే కొడుకు "నీ పని కోసమే అమ్మా" అంటూ వెంటబడుతున్నాడు. సికింద్రాబాద్‌లో ఉండే మరిది మాత్రం "వదినా, అదంతా మోసం. ఇక్కడి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నాకు తెలిసిన షాపుంది, బిల్లు లేకుండా 52 వేలలో అసెంబుల్ చేయించి పంపిస్తా" అంటున్నాడు. ఆయన చెప్పింది ఐ5-12400, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. భర్తని అడిగితే "నీ డబ్బు, నీ ఇష్టం" అని ఊరుకున్నారు. "మరిది మాట కాదంటే నొచ్చుకుంటాడు. అబ్బాయి మాట కాదంటే వారం రోజులు అన్నం దగ్గర మాట్లాడడు. ఆదివారం దాటితే నలభై వేలు పోగొట్టుకున్నదాన్నవుతానేమో" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. ఆదివారం దాటితే మీకు నలభై వేలు పోవు. కొంటే మాత్రం 74,990 పోతాయి. కొట్టేసిన ఆ 1,14,990 ఎమ్మార్పీ. అంతకు మించి అమ్మకూడదని చట్టం పెట్టిన గీత అది. ఆ గీత ఎంత ఎత్తున గీసుకోవాలన్నది తయారీదారు ఇష్టమే. కంప్యూటర్ల వ్యాపారంలో ఎమ్మార్పీకి కొనేవాళ్లు దాదాపు ఉండరు. కాబట్టి నలభై వేల సంగతి పక్కన పెట్టండి. ఇదే మోడల్ పోయిన నెల ఎంతకి అమ్మారో ఆ షోరూమ్‌లోనే ఎవరినైనా అడగండి, ఆన్‌లైన్‌లో ఎంతుందో మీ అబ్బాయిని చూడమనండి. అసలు తగ్గింపు ఎంతో అప్పుడు తెలుస్తుంది. బహుశా ఐదారు వేలు తేలుతుంది.

ముందు మీ పని ఎక్కడ ఆగుతోందో చూద్దాం. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీ అనుకోండి. 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) పెట్టినా 8640 పిక్సెళ్లు అడ్డం, 6912 నిలువు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక పూర్తి లేయర్ దాదాపు 240 ఎంబీ. దాని మీద బ్యాక్‌గ్రౌండు, పార్టీ రంగులు, పెద్ద నాయకుడి ఫొటో, కింద వరసగా లోకల్ నాయకుల ముఖాలు, ఒక్కో దానికీ షాడో, స్ట్రోక్. చేసిన మార్పుల చరిత్రనీ ఫొటోషాప్ గుర్తు పెట్టుకోవాలి. 8 జీబీ ఎప్పుడో నిండిపోతుంది. నిండాక మిగతాదంతా హార్డ్ డిస్క్ మీదికి దించుతుంది, మీ డిస్క్ పాత రకం కాబట్టి అక్కడ నత్తనడక. మీకు టీ తాగే టైము దొరుకుతోంది అందుకే. ఈ జబ్బుకి మందు ఎక్కువ ర్యామ్, వేగమైన ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డుకి ఇందులో చిన్న వేషమే.

ఇంకో సంగతి మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి. మీరు వాడే ఫొటోషాప్ ఏ వెర్షన్? మన ఊళ్లలో డిజైనర్లు చాలామంది ఇప్పటికీ ఫొటోషాప్ 7 మీదే చేయి తిరిగినవాళ్లు. అది 2002 నాటి 32 బిట్ సాఫ్ట్‌వేర్, 2 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు. మీరు 64 జీబీ పెట్టినా అది ఆ రెండింటితోనే సరిపెట్టుకుంటుంది. విండోస్‌లో 64 బిట్ ఫొటోషాప్ 2008లో వచ్చిన సీఎస్4తో మొదలైంది. మీది ఇంకా 7 అయితే, 75 వేలు పోసినా ఎస్ఎస్‌డీ వల్ల వచ్చే వేగం తప్ప పెద్ద తేడా కనబడదు. (మీ దగ్గరున్న కాపీ ఎలా వచ్చిందో నేనడగను. కానీ కొత్త సిస్టమ్‌కి డబ్బు లెక్క వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా ఒక పద్దు కింద రాసుకోండి.) అలాగే తెలుగు టైపింగ్. అను స్క్రిప్ట్, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7 వాడుతుంటే, పేజ్‌మేకర్ 2001 నాటిది, దాన్ని అడోబీ ఎప్పుడో వదిలేసింది. మీ అను వెర్షన్ విండోస్ 11లో నడుస్తుందో లేదో మీ ప్రింటింగ్ ప్రెస్ వాళ్ల సిస్టమ్‌లోనో, తోటి డిజైనర్ దగ్గరో ఒకసారి చూడండి. దానికి సాయంత్రం ఒక గంట చాలు. షోరూమ్ కుర్రాడికి అను అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు.

ఇక ఆ పెట్టె సంగతి.

ఐ7 అనగానే ఐ5 కంటే పైది అనిపిస్తుంది. మీ అబ్బాయికీ అలాగే అనిపించి ఉంటుంది. 11700ఎఫ్ వచ్చింది 2021 మార్చిలో, మీ మరిది చెప్పిన 12400 వచ్చింది 2022 జనవరిలో, మొత్తంగా మారిన డిజైన్‌తో. మొదటిదానికి ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు), రెండోదానికి ఆరు. అయినా ఫొటోషాప్ లాంటి పనిలో ఒక్కో కోరు ఎంత వేగమన్నదే ముఖ్యం, అందులో ఐ5దే పైచేయి. పైగా ఐ7 కూర్చునే మదర్‌బోర్డు దారి అక్కడితో ఆగిపోయింది, దానిలోకి ఇంతకన్నా కొత్త తరం ప్రాసెసర్ రాదు. ఐ5 కూర్చునే బోర్డులో రేపు పదమూడో, పద్నాలుగో తరం పెట్టుకోవచ్చు.

చివర ఉన్న ఆ 'ఎఫ్' అక్షరం చిన్నదే కానీ మీకు సంబంధించినది. ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో సొంత డిస్‌ప్లే ఉండదు. గ్రాఫిక్స్ కార్డు పోయిన రోజు స్క్రీన్ నల్లగా ఉంటుంది, కార్డు బాగయ్యేదాకా మీ పని బంద్. ఎఫ్ లేని 12400లో డిస్‌ప్లే ప్రాసెసర్‌లోనే ఉంటుంది. మీ పాత మానిటర్‌కి వీజీఏ వైరే ఉందన్నారు కదా, ఆ 3050 కార్డు వెనక వీజీఏ రంధ్రం ఉండదు. కన్వర్టర్ కొనాలి, కొన్ని వందలే. 12వ తరానికి వచ్చే మామూలు బోర్డుల్లో చాలావాటికి వీజీఏ ఉంటుంది, కొనేముందు ఆ మోడల్‌కి ఉందో లేదో అడిగితే సరి.

ఆర్‌టీఎక్స్ 3050 అన్న పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీది ఒకటి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీది ఇంకొకటి. రెండోది బలహీనం. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు, షోరూమ్ ధరల బోర్డు మీద ఉత్త '3050' అని ఉంటుంది. కంపెనీ సిస్టముల్లో 6 జీబీది పెట్టడం సులువు, ఎందుకంటే అది 70 వాట్లతో బోర్డు నుంచే కరెంటు తీసుకుంటుంది, విడిగా వైరు అక్కర్లేదు, కరెంటు సరఫరా చేసే పెట్టె అయిన చిన్న ఎస్ఎంపీఎస్‌తో సరిపెట్టేయొచ్చు. ఆ చిన్న ఎస్ఎంపీఎస్ చాలాసార్లు ఆ కంపెనీ సొంత సైజులో, సొంత ప్లగ్గుతో ఉంటుంది. రెండేళ్ల తర్వాత మీ అబ్బాయి పెద్ద కార్డు కావాలంటే ఎస్ఎంపీఎస్ మార్చాలి, అది మారాలంటే బోర్డు, బోర్డుకోసం క్యాబినెట్. అక్కడితో ఆగుతుంది కథ.

ఇంత చెప్పాక ఆ బేరం పనికిరానిదని తేల్చేయవచ్చు. నిరుడు ఈ సమయానికైతే తేల్చేసేవాణ్ణే. ఈ ఏడు లెక్క కొంచెం మారింది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ కావాలి, ప్రపంచంలో మెమరీ చిప్పులు ఎక్కువగా చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే, లాభం ఎక్కడుంటే సరుకు అక్కడికి పోతోంది. మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎస్ఎస్‌డీల ధరలూ అదే దారిలో ఉన్నాయి. అంటే పాత ధరకి ర్యామ్ వేసి గోడౌన్‌లో ఉంచిన పాత స్టాకు డెస్క్‌టాప్‌లో నిజంగానే కొంత విలువ దాగి ఉండొచ్చు. 'ఇప్పుడు 16 కొని తర్వాత చవకైనప్పుడు ఇంకో 16 వేసుకుందాం' అనే పాత సలహా ఇప్పుడు నేను ధైర్యంగా ఇవ్వలేను.

మీ మరిది కొటేషన్‌నీ అంతే శ్రద్ధగా చూడాలి. ఆయన మనసులో మీ మేలే ఉంది, ఎంచిన ప్రాసెసర్ కూడా సరైనది. కానీ ఆ 52 వేలు పన్ను లేని లెక్క. బిల్లు తీసుకుంటే 18 శాతం జీఎస్టీ, అంటే 9,360 కలిసి 61,360. అందులో విండోస్ లేదు, లేదా ఉన్నా దొంగ విండోస్. అసలుది విడిగా కొంటే దాదాపు పదివేలు. అప్పటికి 71 వేలు దాటింది. 75కీ 52కీ మధ్య కనబడిన 23 వేల తేడా మూడున్నర వేలకి వచ్చింది చూశారా. బిల్లు లేకుండా తీసుకుంటే ఆ పన్ను మిగిలినట్టే ఉంటుంది కానీ, బోర్డు మూడేళ్ల వారంటీ, ఎస్ఎంపీఎస్ ఐదేళ్ల వారంటీ అంటూ డబ్బా మీద రాసినవన్నీ సర్వీస్ సెంటర్ బల్ల దగ్గర బిల్లు అడగగానే ఆవిరైపోతాయి. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవాలన్నా చేతిలో ఏ కాగితమూ ఉండదు. మీకు జీఎస్టీ నంబరు ఉందో లేదో రాయలేదు. రెగ్యులర్ స్కీములో ఉంటే, షాపు పేరున బిల్లు రాయించుకోండి. షోరూమ్ ధరలో 11,439 రూపాయలు పన్నే, అది మీకు క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులో సర్దుబాటుగా వస్తుంది. అసెంబుల్డ్ బిల్లు మీదా అలాగే. చిన్న వ్యాపారులకుండే కంపోజిషన్ స్కీములో ఉన్నా, నంబరే లేకపోయినా ఆ ఆశ వదులుకోవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు, ఒక్కోదానితో వచ్చే తంటాలు చెబుతాను.

షోరూమ్‌దే తీసుకుంటే సుఖం ఏమిటంటే, పాడైతే ఒకటే ఫోన్ నంబరు. ఇంటికొచ్చి చూస్తారా, మీరే ఖమ్మమో హైదరాబాదో మోసుకెళ్లాలా అన్నది మాత్రం వారంటీ కాగితంలో చదవండి, నోటిమాట నమ్మవద్దు. ఈ దారి పడితే కొనేముందు క్యాబినెట్ డబ్బా కిందికి వంగి స్టిక్కరు చూడండి. తయారైన నెల, సంవత్సరం అక్కడ ముద్రించి తీరాలి. రెండేళ్లు దాటిన సరుకైతే ఇంకాస్త తగ్గించమని అడిగే హక్కు మీకుంది. డిస్‌ప్లేలో పెట్టిన పీసు ఇస్తామంటే వద్దనండి, సీల్ తీయని డబ్బా కావాలనండి. సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఇప్పటికే మొదలైపోయిందేమో చూడమని అబ్బాయికి చెప్పండి. 16 జీబీ ఒకే ముక్కగా ఉందా, రెండు ఎనిమిదులా? రెండు ఎనిమిదులైతే, స్లాట్లు రెండే ఉంటే, 32 చేయాలన్న రోజు ఉన్నవి తీసి పారేయాల్సిందే. ఒకే పదహారైతే పెంచడం సులువు, కానీ రెండో ముక్క వేసేదాకా వేగం కాస్త తగ్గుతుంది. మీ పనికి నేను ఒకే పదహారుకే ఓటేస్తాను. సున్నా వడ్డీ ఈఎంఐ అంటే ముచ్చటపడకండి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, కనబడని ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంకు వేస్తుంది. చీటీ డబ్బు చేతిలో ఉన్నప్పుడు రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగడమే మేలు.

మరిది దారి పడితే, ఆయన చెప్పినదాన్ని కొంచెం మార్చి చేయించండి. 1 టీబీ ఎస్ఎస్‌డీ బదులు 512 చాలు. పాత ఫైళ్లకి మీ పాత హార్డ్ డిస్కే ఉంది, అది పాతబడింది కాబట్టి ముఖ్యమైనవి ఇంకోచోట కూడా దాచుకోండి. అలా మిగిలినదానికి కొంత కలిపి ర్యామ్ 32 చేయించండి. ఎస్ఎంపీఎస్ పేరున్న కంపెనీది, 550 వాట్లది వేయించమనండి. దాని వల్ల రేపు మీ అబ్బాయికి గ్రాఫిక్స్ కార్డు పెట్టాలన్నా క్యాబినెట్ మూత తీసి పెట్టేయడమే. పెళ్లి వీడియోలు, ఎల్ఈడీ స్క్రీన్ క్లిప్పులు చేయాలన్నా చిన్నాచితకా పనులు 12400లో ఉన్న సొంత గ్రాఫిక్సే లాగేస్తుంది. తంటా ఏమిటంటే, ఏది పాడైనా ముందు ఏ పార్టు పాడైందో ఎవరో తేల్చాలి. ఆయన సికింద్రాబాద్‌లో, మీరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో. సర్పంచ్ ఎన్నికల మధ్యలో బోర్డు పోతే వీడియో కాల్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోగలరా? మీ ఊళ్లో నమ్మకమైన సిస్టమ్ మెకానిక్ ఉంటే ఈ భయం సగం తగ్గుతుంది. లేకపోతే ఈ ఒక్క కారణానికే షోరూమ్ వైపు మొగ్గడం తప్పేం కాదు.

మూడో దారి ఎవరూ చెప్పలేదు. ఏమీ కొనకుండా, ఉన్నదానికే కొన్ని వేలతో పాత డిస్క్ వైరుకే తగిలే ఒక సాటా ఎస్ఎస్‌డీ వేయించడం. తెరుచుకోవడం, సేవ్ అవడం రెండూ చెప్పుకోదగ్గంత మెరుగవుతాయి. 8 జీబీ ఇరుకు అలాగే ఉంటుంది, మీ ర్యామ్ డీడీఆర్3 కాబట్టి దాని మీద కొత్త డబ్బు పెట్టవద్దు. విండోస్ 10కి సాధారణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. నాలుగో తరం ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అంటే ఈ దారి కొన్ని నెలల ఊపిరి. ఈలోగా ధరలు దిగుతాయని నేను మాట ఇవ్వలేను, ఇంకా పెరగనూ వచ్చు. మీ ఫొటోషాప్ 7 అయి, ఇప్పట్లో మారే ఉద్దేశం లేకపోతే మాత్రం ఇదే మీకు తగినది, చీటీ డబ్బు అలాగే ఉంటుంది.

నా మొగ్గు ఎటో అడిగితే, ఊళ్లో మెకానిక్ ఉండి, మరిది బిల్లుతో చేయిస్తానంటే రెండోది. మెకానిక్ లేకపోతే, డబ్బా మీద తేదీ మరీ పాతది కాకుండా ఉండి, ర్యామ్ ఒకే ముక్కై, షోరూమ్ వాళ్లు 70 లోపు దిగితే మొదటిది. 74,990కే అయితే నేను తొందరపడను. సంక్రాంతి పోతే రిపబ్లిక్ డే, అది పోతే ఉగాది, ఆఫర్‌కి పండగలు కరువా?

ఇంట్లో వాళ్ల సంగతి. మరిదితో "మోసమా కాదా" అన్న వాదనలోకి దిగవద్దు. "బాబూ, నువ్వు చెప్పిన ఐ5 బాగానే ఉందట, కానీ నాకు షాపు పేరున జీఎస్టీ బిల్లు కావాలి, అసలు విండోస్ కావాలి, ఆ రెండూ కలిపి ఎంతవుతుందో వాట్సాప్‌లో రాసి పంపు" అనండి. ఆయన లెక్క రాసి పంపేలోపు ఆయనకే తెలుస్తుంది, మీరు కాదనాల్సిన అవసరం రాకపోవచ్చు. ఒకవేళ మీరు షోరూమ్‌దే కొన్నా, లెక్క చూసి కొన్నారని ఆయనకి అర్థమవుతుంది.

అబ్బాయికి మాత్రం సూటిగా చెప్పండి. గేమ్‌ల కోసం అడుగుతున్నాడని మీకు తెలుసు, మీకు తెలుసని వాడికీ తెలుసు. ఇంటర్ కుర్రాడు ఆడుకోవాలనుకోవడంలో నేరమేమీ లేదు. కానీ మీ బతుకుతెరువు ఉన్న సిస్టమ్‌లో ఎక్కడినుంచో దించిన క్రాక్ గేమ్ ఎక్కితే, దాంతో వచ్చే వైరస్‌కి కస్టమర్ల ఫైళ్లే మొదటి మేత. ఏది కొన్నా విండోస్‌లో వాడికి విడి ఖాతా తెరిచి, కొత్తవి ఇన్‌స్టాల్ చేసే అధికారం మీ ఖాతాకే ఉంచుకోండి. 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఎందుకు వేయిస్తున్నారో కూడా చెప్పండి. పరీక్షలయ్యాక కార్డు సంగతి చూద్దామంటే అన్నం దగ్గర మౌనం రెండు రోజులకి మించదు.

ఇంకొక్కటి. షోరూమ్ వాళ్లు పాత సిస్టమ్ ఎక్స్‌ఛేంజ్‌కి తీసుకుని రెండు మూడు వేలు తగ్గిస్తామంటారు. ఇస్తే ఇవ్వండి, కానీ అందులోని హార్డ్ డిస్క్ ఊడదీసి మీ దగ్గరే ఉంచుకుని ఇవ్వండి. పదేళ్ల ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు, కస్టమర్ల ఫొటోలు, పెళ్లి కార్డుల కోసం ఇచ్చిన చిరునామాలు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి.